తక్కువ ఫీజు దారి, తక్కువ ఖర్చు దారి: నర్సింగ్ చదువు ఎంపికలో ఒక కేస్ స్టడీ

ఆమె నా దగ్గరకు వచ్చేసరికే ఒక కోర్సుకు అడ్వాన్స్ కట్టడానికి సిద్ధమైపోయింది. ఏడాది కోర్సు, సాయంత్రం క్లాసులు, ఉద్యోగం మానక్కర్లేదు. కరపత్రం మీద పెద్ద అక్షరాలతో "12 నెలల్లో నర్సు అవ్వండి" అని ఉంది. "మేడమ్, ఇది తీసుకోవచ్చా?" అని అడిగింది.

నేను చాలాకాలం వార్డులో నర్సుగా, ఆ తర్వాత నర్సింగ్ విద్యార్థులకు క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లకు దారి ఎంచుకోవడంలో సాయం చేస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను. డబ్బు లెక్కలన్నీ ఆమె అప్పటి నెల జీతాన్ని ఒక కొలతగా పెట్టుకుని చెబుతాను. అలాగైతే ఎక్కడివాళ్లైనా తమ జీతంతో పోల్చి చూసుకోవచ్చు.

ఆమె పరిస్థితి

వయసు 24. స్కూలు చదువు పూర్తిచేసింది కానీ నర్సింగ్‌లో చేరడానికి కావలసిన ఒక సైన్స్ సబ్జెక్టు లేదు. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో అటెండెంట్‌గా పనిచేస్తోంది. స్నానం చేయించడం, తినిపించడం, మంచం మీదున్నవాళ్లను పక్కకు తిప్పడం ఆమె పని. ఇంట్లో తల్లి, చదువుకుంటున్న తమ్ముడు. తల్లి సంపాదన ఆమె జీతంలో 0.8 వంతు. ఇద్దరిదీ కలిపితే 1.8, ఇంటి ఖర్చు 1.5. దాచుకున్నది ఎనిమిది నెలల జీతం.

నర్సు ఎందుకు కావాలనుకుంటున్నావని అడిగాను. చాలామంది సేవ అనో, జీతం అనో చెబుతారు. ఆమె చెప్పింది వేరు. "మంచం మీదున్నవాళ్ల మడమ దగ్గర చర్మం ఎర్రబడితే ముందు చూసేది నేనే మేడమ్. సిస్టర్‌కి చెబుతాను. ఆవిడ వచ్చి చూసి రాసుకుంటారు. నేను రాయడానికి లేదు." ప్రెషర్ పుండు (కదలకుండా పడుకున్నవాళ్లకు ఒత్తిడి వల్ల వచ్చే పుండు) మొదలయ్యే గుర్తును ఎవరూ నేర్పకుండానే పట్టుకుంటున్న మనిషి ఆమె. ఇలాంటి చూపు ఉన్నవాళ్లను చదువు ఖర్చు చూసి ఆగిపోనివ్వకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే ఈ కేసు మీద ఎక్కువ సమయం పెట్టాను.

కరపత్రాన్ని పరీక్షించడం

ఎవరు వచ్చినా నేను ముందు చేయించే పని ఒకటుంది. కోర్సు గురించి ఆ సంస్థను అడగొద్దు, నర్సులను రిజిస్టర్ చేసే కౌన్సిల్‌ను అడగమంటాను. అడగాల్సింది కూడా ఒకే ప్రశ్న: "ఈ కోర్సు పూర్తిచేసినవాళ్లు రిజిస్టర్డ్ నర్సుగా నమోదు కావచ్చా?" గుర్తింపు ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు. సహాయకుల స్థాయి కోర్సుకు కూడా ఏదో ఒక గుర్తింపు ఉంటుంది. కావలసింది నర్సుగా నమోదయ్యే అర్హత.

ఆమె ఫోన్ చేసింది. కాలేరని చెప్పారు. ఆ సర్టిఫికెట్‌తో వచ్చేది సహాయకురాలి ఉద్యోగమే. ఆ పని ఆమె ఇప్పటికే చేస్తోంది. అంటే పది నెలల జీతం పోసి, తన చేతిలో ఉన్నదాన్నే మళ్లీ కొనుక్కోబోయింది.

ఏడాదిలో నర్సును తయారుచేయడం ఎందుకు కుదరదో కూడా ఆమెకు వివరించాను. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో జనరల్ నర్సు శిక్షణకు కనీసం మూడేళ్లు, 4,600 గంటలు ఉండాలి. అందులో కనీసం సగం రోగుల దగ్గర జరిగే క్లినికల్ శిక్షణ. బ్రిటన్‌లోనూ లెక్క అదే, 2,300 గంటల థియరీ, 2,300 గంటల ప్రాక్టీసు. జర్మనీలో 2020 నుంచి అమల్లో ఉన్న కొత్త శిక్షణలో 2,100 గంటల తరగతులు, 2,500 గంటల ప్రాక్టికల్. దేశాన్ని బట్టి అంకెలు మారతాయి, కానీ మంచం పక్కన గడపాల్సిన గంటలను ఎవరూ తప్పించలేరు. పూర్తిగా ఆన్‌లైన్‌లో నర్సింగ్ అని ప్రకటన కనిపిస్తే అక్కడే ఆగి ఆలోచించాలి.

అమెరికాలో 2023 జనవరిలో బయటపడిన కేసు కూడా చెప్పాను. ఫ్లోరిడాలోని కొన్ని నర్సింగ్ స్కూళ్ల పేరుతో 7,600కు పైగా నకిలీ డిప్లొమాలు, మార్కుల జాబితాలు అమ్మారని 25 మందిపై అభియోగాలు మోపారు. వాటిని కొన్నవాళ్లలో రెండు వేల మందికి పైగా లైసెన్సు పరీక్ష కూడా పాసయ్యారు. తర్వాత రాష్ట్రాల బోర్డులు ఆ లైసెన్సుల మీద చర్యలు మొదలుపెట్టాయి. దొడ్డిదారి ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుందో అక్కడ స్పష్టంగా కనిపించింది. కొన్నవాళ్ల మీద, వాళ్ల చేతుల్లో ఉన్న రోగుల మీద.

మిగిలిన దారులు

జీతం ఇస్తూ నేర్పే దారి ఉందేమోనని ముందు వెతికాం. ఉంటే వేరే లెక్కలు అనవసరం. జర్మనీలో నర్సింగ్ శిక్షణకు ఫీజు లేదు, పైగా నెలనెలా భత్యం ఇస్తారు. ఇంగ్లండ్‌లో 2017 నుంచి నర్సింగ్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్ ఉంది, ఉద్యోగిగా జీతం తీసుకుంటూనే డిగ్రీ చదవవచ్చు. ఆమె ఉన్నచోట అలాంటిదేదీ లేదు.

తేలినవి రెండు. ఒకటి, ఆసుపత్రికి అనుబంధంగా నడిచే మూడేళ్ల డిప్లొమా. రెండోది, యూనివర్సిటీలో నాలుగేళ్ల డిగ్రీ. రెండింటిలో ఏది చదివినా నర్సుగా నమోదు కావచ్చు. ఇది అన్ని దేశాల్లో ఇలా ఉండదు. ఆస్ట్రేలియాలో, ఫిలిప్పీన్స్‌లో రిజిస్టర్డ్ నర్సు కావాలంటే డిగ్రీ తప్పనిసరి. అమెరికాలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చదివినవాళ్లూ, నాలుగేళ్ల డిగ్రీ చదివినవాళ్లూ ఒకే లైసెన్సు పరీక్ష (ఎన్‌క్లెక్స్) రాస్తారు. అక్కడ ఆ రెండేళ్ల చదువు నర్సింగ్ విద్యావేత్త మిల్డ్రెడ్ మోంటాగ్ ఆలోచనల మీద 1952లో ప్రయోగంగా మొదలైంది. ఆవిడ దాన్ని దానికదే పూర్తయిన చదువుగా ఊహించారు. జనం మాత్రం దాన్ని మొదటి మెట్టుగా వాడుకున్నారు. ముందు లైసెన్సు తెచ్చుకుని, సంపాదించుకుంటూ డిగ్రీ చదువుకున్నారు. భారత్‌లో జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసేవాళ్లు వెళ్లేదీ ఈ దారిలోనే.

ఫీజు పట్టిక చూసి ఖర్చు అంచనా వేయకూడదు. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, ప్రయాణం, పరీక్ష, రిజిస్ట్రేషన్, వీటితో పాటు చదివే కాలంలో పోయే జీతం కూడా లెక్కలో చేరాలి. వారాంతపు డ్యూటీలు చేస్తే ఆమెకు జీతంలో 0.3 వంతు వస్తుంది. అంటే చదివినన్నాళ్లూ నెలకు 0.7 పోయినట్టే.

డిప్లొమాకు ఫీజు 18 నెలల జీతం, ఇతర ఖర్చులు 4, పరీక్ష, రిజిస్ట్రేషన్ కలిపి 1, పోయే జీతం 25. మొత్తం 48. డిగ్రీకి ఫీజు 48, ఇతర ఖర్చులు 6, పరీక్ష, రిజిస్ట్రేషన్‌కు 1, పోయే జీతం 34. మొత్తం 89, పైన వడ్డీ. డిప్లొమా తర్వాత రెండేళ్ల బ్రిడ్జి డిగ్రీని ఉద్యోగం చేస్తూ చదివితే మరో 20. అది కలిపినా 68. అదీగాక డిప్లొమా వాళ్లు ఏడాది ముందే నర్సు జీతం అందుకుంటారు. కొత్త నర్సు జీతం ఆమె జీతానికి రెండున్నర రెట్లు. ఆ ఒక్క ఏడాది విలువే 30.

వాళ్లమ్మ డిగ్రీ వైపే మొగ్గింది. "మళ్లీ మళ్లీ ఎందుకు మేడమ్‌గారూ, చదివేదేదో ఒకేసారి చదివేస్తే పోతుంది కదా" అంది. ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. మధ్యలో ఆగిపోయిన బ్రిడ్జి చదువులు నేను చాలా చూశాను. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, నైట్ డ్యూటీలు, వీటి మధ్య రెండేళ్లు ఐదేళ్లవుతాయి. డిగ్రీ విలువ కూడా చిన్నది కాదు. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల మీద చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగిన చోట శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 5 శాతం తగ్గింది. 2014లో యూరప్‌లోని తొమ్మిది దేశాల ఫలితాల్లోనూ ఆ తగ్గుదల కనిపించింది, అక్కడ 7 శాతం. డిప్లొమా నర్సులు బాగా పనిచేయరని దీనర్థం కాదు. వాళ్ల దగ్గర పని నేర్చుకున్నదాన్ని నేను. కానీ డిగ్రీని కేవలం జీతం పెంచే కాగితంగా చూడటం తప్పు.

అందుకే ప్రశ్నను మార్చి వాళ్లమ్మ ముందు పెట్టాను. డిగ్రీ చదవాలా వద్దా అన్నది కాదు, లైసెన్సు చేతికి రాకముందు ఈ ఇల్లు ఎంత అప్పు మోయగలదు? నాలుగేళ్ల డిగ్రీలో మూడో ఏడు ఎవరికైనా జబ్బు చేసి చదువు ఆగితే చేతిలో మిగిలేది అప్పు, సగం చదువు. ఆ మూడేళ్లలోనే డిప్లొమా పూర్తయితే చేతిలో లైసెన్సు ఉంటుంది. బ్రిడ్జి కోర్సు ఆలస్యమైనా నర్సు జీతం ఆగదు. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే డిగ్రీ చేస్తానని మాట ఇవ్వమనండి" అంది. కూతురు మాట ఇచ్చింది.

బాండ్

ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే.

డిప్లొమా నడిపే ఆసుపత్రి ఒక అవకాశం ఇచ్చింది. సగం ఫీజు మాఫీ, అంటే 9 నెలల జీతం మిగులు. బదులుగా చదువయ్యాక రెండేళ్లు అక్కడే పనిచేయాలి. ఆమెకు ఇది వరంలా అనిపించింది, ఉద్యోగం కూడా ఖాయమైనట్టే కదా అంది. బాండ్ కాగితం మొత్తం తెమ్మన్నాను. ఇద్దరం వాక్యం వాక్యం చదివాం.

బాండ్ కాలంలో జీతం 1.8. బయట కొత్త నర్సుకు 2.5. తేడా నెలకు 0.7, రెండేళ్లకు దాదాపు 17. తొమ్మిది మిగిల్చుకోవడానికి పదిహేడు వదులుకోవాలి. అంతకన్నా నన్ను కలవరపెట్టిన షరతు ఇంకొకటి. బాండ్ ముగిసేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. అవి లేకుండా బ్రిడ్జి డిగ్రీకి దరఖాస్తు చేయడం కుదరదు, వేరేచోట ఉద్యోగం అడగడమూ కుదరదు. మధ్యలో మానేస్తే కట్టాల్సిన పరిహారం మొదటి నెలలోనూ, ఇరవై మూడో నెలలోనూ ఒకటే. న్యాయమైన బాండ్‌లో పనిచేసిన నెలల్ని బట్టి ఆ మొత్తం తగ్గుతూ రావాలి.

చదువు చెప్పి పని చేయించుకోవడం నర్సింగ్‌లో పాత పద్ధతే. ఫ్లోరెన్స్ నైటింగేల్ నిధితో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదలైన స్కూల్లో కూడా విద్యార్థినులకు వసతి, భోజనం ఇచ్చి వార్డుల్లో పని చేయించేవారు. ఆ ఏర్పాటు వల్లే డబ్బులేని ఇళ్ల అమ్మాయిలు ఈ వృత్తిలోకి రాగలిగారు. అదే ఏర్పాటు దారితప్పితే ఏమవుతుందో అమెరికాలో నర్సింగ్ చదువు మీద 1923లో వచ్చిన గోల్డ్‌మార్క్ నివేదిక చూపించింది. ఆసుపత్రి అవసరాల ముందు విద్యార్థుల చదువు వెనక్కి పోతోందని అది తేల్చింది. కాబట్టి బాండ్ అనగానే భయపడక్కర్లేదు. జీతం ఎంత, సర్టిఫికెట్లు ఎవరి దగ్గర, పరిహారం ఎలా తగ్గుతుంది, ఈ మూడూ తెలిశాకే సంతకం పెట్టాలి.

బాండ్ లేకుండా పూర్తి ఫీజుతో చేరాలని ఆమే నిర్ణయించుకుంది. నేను లెక్క వేసి చూపించాను, అంతవరకే.

ఇల్లు గడిచేదెలా

నిర్ణయం బాగానే ఉంది, డబ్బు మాత్రం లేదు. ఆమె చదువులో పడితే ఇంటి రాబడి 1.1కి దిగుతుంది, ఖర్చు 1.5. నెలకు 0.4 లోటు, మూడేళ్లకు 14. చదువు కోసం చేతి నుంచి పెట్టాల్సింది 23. మొత్తం 37 కావాలి. చదువు మధ్యలో మానేసేవాళ్లను నేను గమనించినంతలో, ఫీజు కట్టలేక మానేసేవాళ్లకన్నా ఈ నెలనెలా లోటు తట్టుకోలేక మానేసేవాళ్లే ఎక్కువ. ఫీజుకు అప్పు పుడుతుంది. బియ్యానికి, అద్దెకు అప్పు ఇచ్చేవాళ్లు తక్కువ.

వెంటనే చేరొద్దని చెప్పాను. ఎలాగూ ఆ సైన్స్ సబ్జెక్టు పూర్తిచేయాలి. దానికి పట్టే పది నెలలూ అదనపు నైట్ డ్యూటీలు చేసి ఇంకో ఐదు నెలల జీతం కూడబెట్టింది. పాతది కలిపి 13. తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకిచ్చే ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఫీజులో మూడో వంతు, అంటే 6. ఆమె పనిచేసే సంరక్షణ కేంద్రం యజమానితో తనే మాట్లాడుకుని, వారాంతపు డ్యూటీలతో పాటు సెలవుల్లో పూర్తి నెల పని అడిగింది. అలా మరో 4. మిగిలిన 14కు విద్యారుణం. అప్పు 18కి మంజూరు చేయించుకుని 14 మాత్రమే వాడమన్నాను. విడతలుగా తీసుకునే రుణంలో తీసుకోని భాగానికి వడ్డీ పడదు, అవసరమైన రోజున మళ్లీ పూచీకత్తుల కోసం తిరగనక్కర్లేదు.

ఆ పది నెలలు ఆమెకు చాలా భారంగా గడిచాయి. "నా వయసు వాళ్లు ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్నారు మేడమ్" అని ఒకటి రెండుసార్లు ఫోన్లో ఏడ్చింది. నర్సింగ్ క్లాసులో ముప్పై దాటినవాళ్లు కూడా ఉంటారని, నేను నేర్పినవాళ్లలో గట్టిగా నిలబడిన చాలామంది ఆలస్యంగా వచ్చినవాళ్లేనని చెప్పాను. అది ధైర్యం కోసం చెప్పిన మాట కాదు, నిజం.

స్కూలు ఎంపికలో ఫీజుతో పాటు చూసినవి కొన్ని ఉన్నాయి. చేరిన వందమందిలో ఎంతమంది పూర్తిచేస్తున్నారు, మొదటిసారికే లైసెన్సు పరీక్ష ఎంతమంది పాసవుతున్నారు, క్లినికల్ పోస్టింగులు ఏ ఆసుపత్రుల్లో, అవి ఎంత దూరం. ఉత్తీర్ణత శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. బలహీనంగా ఉన్నవాళ్లను పరీక్షకే పంపని స్కూలు కూడా గొప్ప అంకెలు చూపించగలదు. మధ్యలో మానేసినవాళ్ల సంఖ్యతో కలిపి చదివితేనే ఆ అంకెకు అర్థం. ఆమె చేరాలనుకున్న చోట చివరి ఏడాది విద్యార్థులతో మాట్లాడమన్నాను. వార్డులో ఇన్‌స్ట్రక్టర్ మీతో ఉంటారా, లేక మిమ్మల్ని వదిలేసి వెళ్తారా అని అడగమన్నాను. ఉంటారని చెప్పారు.

మూడేళ్లు

మొదటి ఏడు సాఫీగా సాగింది. అనాటమీకి కష్టపడింది, వార్డులో మాత్రం తొలిరోజు నుంచే ముందుంది. రోగిని తాకడానికి వణికే వయసు ఆమె ఎప్పుడో దాటేసింది.

రెండో ఏడు తల్లికి ఆపరేషన్ జరిగింది. ఆవిడ కొన్ని నెలలు పనికి వెళ్లలేదు. ఈమె వారాంతాలతో పాటు వారం మధ్యలో కూడా డ్యూటీలు ఒప్పుకుంది, పోస్టింగులకు హాజరు తగ్గింది. క్లినికల్ గంటలు ఎవరి కోసమూ మాఫీ కావు. అవి పూర్తికాకపోతే పరీక్షకు పంపరు, ఒక ఏడాది వెనక్కి పోతుంది. ఏడాది వెనక్కి పోవడమంటే ఆమెకు నర్సుగా రావలసిన 30 పోయినట్టు. ఆ లెక్క ముందు పెట్టుకుని మాట్లాడుకున్నాం. మధ్యవారపు డ్యూటీలు ఆపేసి, రుణంలో వాడకుండా ఉంచిన నాలుగులో రెండు తీసుకుంది. తక్కువైన గంటలను సెలవుల్లో పోస్టింగ్ చేసి పూర్తిచేసింది. స్కూలు అందుకు ఒప్పుకుంది, ఆమె ముందుగానే వెళ్లి పరిస్థితి చెప్పడం వల్ల.

మూడో ఏడు పూర్తయింది. లైసెన్సు పరీక్ష మొదటిసారికే పాసైంది. ఇంకో ఆసుపత్రిలో మెడికల్ వార్డులో 2.5 జీతానికి చేరింది. నెలకు ఒక పాత జీతమంత కిస్తీ కడుతూ వెళ్తే రుణం ఏడాదిన్నరలోపే తీరేలా ఉంది. ఆ లెక్క తప్పలేదు.

ఈమధ్య మళ్లీ వచ్చింది, చేతిలో ఇంకో బాండ్ కాగితంతో. పనిచేసే ఆసుపత్రి బ్రిడ్జి డిగ్రీ ఫీజు భరిస్తానంటోంది, బదులుగా రెండేళ్లు పనిచేయమంటోంది. ఈసారి కాగితాన్ని ముందు ఆమే చదివి, అనుమానం ఉన్నచోట పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకొచ్చింది. జీతం తగ్గదు. సర్టిఫికెట్లు అడగలేదు. మానేస్తే కట్టాల్సింది నెలనెలా తగ్గుతూ వస్తుంది. ఒక్క షరతు మాత్రం అస్పష్టంగా ఉంది: ఒక సబ్జెక్టు తప్పితే ఆ సెమిస్టర్ ఫీజు ఎవరు కట్టాలి? అది రాతపూర్వకంగా చెప్పమని హెచ్ఆర్‌కు ఉత్తరం రాసి పంపింది. మళ్లీ రాసేందుకు ఒక అవకాశం వరకు తామే భరిస్తామని జవాబు వచ్చింది. దాన్ని బాండ్‌కు జతచేయించుకుని సంతకం పెట్టింది. క్లాసులు వచ్చే టర్మ్ నుంచి.